మేడమీది బార్లు - మెట్ల దారులు

మహానగరాలలో మేడమీది బార్లకు ఆదరణ పెరుగుతోంది. చల్లని గాలి, దీపకాంతులలో నగర దృశ్యం ఎవరినైనా ఆకర్షించేవే. అయితే వాటిలో ఏది మేలైనదో తేల్చవలసింది పైనుంచి కనిపించే దృశ్యం కాదు, కిందికి దిగే దారి.

2017 డిసెంబర్ 29 అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి ముంబయి కమలా మిల్స్ ప్రాంగణంలో పైకప్పు రెస్టారెంట్లను చుట్టుముట్టిన మంటలు 14 మందిని బలిగొన్నాయి. పలువురు మరుగుదొడ్లలో తలదాచుకుని, పొగకు ఊపిరాడక మరణించారు. మేడమీది రెస్టారెంట్లను అనుమతించే విధానాన్ని నగరపాలక సంస్థ ఆమోదించింది అంతకు కొద్ది వారాల ముందే కావడం గమనార్హం.

2025 ఏప్రిల్ 29న కోల్‌కతా హోటల్ అగ్నిప్రమాదంలో 14 మంది మరణించిన అనంతరం, అక్కడి నగరపాలక సంస్థ పైకప్పు రెస్టారెంట్ల మూసివేతకు ఆదేశించింది. మంటలు రేగినపుడు పై అంతస్తుల వారికి పైకప్పే శరణ్యమన్నది అందులోని తర్కం. అది సహేతుకమే. కానీ ప్రాణాలు పోయాక మూయించడం కంటే, లైసెన్సు ఇవ్వకముందే రెండో మెట్ల దారి ఉన్నదీ లేనిదీ తనిఖీ చేయడం పాలకుల కనీస బాధ్యత. వినోదానికి వెళ్లేవారు సైతం ఆ దారి చూసుకున్నాకే కూర్చోవడం శ్రేయస్కరం.