మెప్పు కోసమా? మనసు కోసమా?

వార్షిక సంచికకు రచనలు పంపవలసిందన్న ప్రకటన వెలువడగానే ఏటేటా విద్యార్థుల నోట ఒకే ప్రశ్న వినవస్తుంది: "ఎటువంటివి వ్రాస్తే అచ్చు వేస్తారు?" "నాకేమి వ్రాయాలని ఉన్నది?" అని తనను తాను ప్రశ్నించుకునేవారు మాత్రం అరుదు. ఈ రెండు ప్రశ్నల నడుమ ఉన్న దూరాన్ని గురించి నాలుగు మాటలు చెప్పడమే మా ఉద్దేశం.

మెప్పును కోరడం నేరమని మేము అనము. మన రెండు భాషలలోను కవిత్వం సభలలో పెరిగినదే. ముషాయిరాలో "వాహ్వా" అన్న పలుకు కోసం కవి చెవి రిక్కించి ఉంటాడు. అవధాన వేదికపై పూరణ ముగియగానే మ్రోగే కరతాళధ్వనులు కవికి కొత్త ఉత్సాహాన్నిస్తాయి. అయితే రచన ముందు నడచి మెప్పు దాని వెంట రావడం వేరు; మెప్పు ముందు నడచి రచనను ముకుతాడు వేసి లాగుకొని పోవడం వేరు. పోతన రాజాశ్రయాన్ని కాదని పొలం దున్నుకున్నాడన్న కథ మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. నేడు రాజులు లేరు. చప్పట్లు కొట్టే గుంపే మన రాజు, చేతిలోని ఫోనులో పెరిగే లైకుల లెక్కే మన అగ్రహారం.

మన సంచికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. ఆ కుడివైపు పుటలవారు గుండెలకు హత్తుకునే మహాకవి మీర్జా గాలిబ్ (1797-1869) జీవితంలోనే ఈ విషయానికి చక్కని నిదర్శనం ఉన్నది.

1857 తిరుగుబాటు తరువాత ఢిల్లీ నగరం పాడుపడింది. మిత్రులలో కొందరు మరణించారు, కొందరు చెల్లాచెదురయ్యారు. గాలిబ్‌కు వచ్చే పింఛను ఆగిపోయింది. ఆ కాలంలో ఆయన రెండు విధాలుగా వ్రాశాడు. మొదటిది "దస్తంబూ". అరబ్బీ పదాలను పరిహరించి ప్రయాసతో కూర్చిన పారసీక గ్రంథమది. 1858లో ఆగ్రాలో అచ్చయింది. దానిని ఆంగ్లేయ అధికారులకు పంపి, పింఛను, గౌరవం తిరిగి దక్కునని ఆశించాడు. రెండవది మిత్రులకు సాదా ఉర్దూలో వ్రాసిన ఉత్తరాలు. అందులో బిరుదుల వరుసలు లేవు, అలంకారాల బరువు లేదు. ఎదురుగా కూర్చున్న స్నేహితునితో ముచ్చటించినట్లు ఉంటాయి. ఒంటరితనాన ఆయనకు అదొక్కటే తోడు, అదొక్కటే వేడుక.

ఆ ఉత్తరాలను అచ్చు వేస్తామని 1858లోనే మిత్రులు అడుగగా, తన కవితా ప్రతిష్ఠకు అవి తగవన్న తలంపుతో గాలిబ్ ఒప్పుకొనలేదు. తరువాత మనసు మార్చుకున్నాడు. "ఊదె హిందీ" 1868లోను, "ఉర్దూయె ముఅల్లా" ఆయన మరణించిన కొద్ది రోజులకు 1869లోను వెలువడినవి. నేడు "దస్తంబూ"ను పండితులు, చరిత్రకారులు మాత్రమే తెరుస్తారు. ఉత్తరాలో, ఆధునిక ఉర్దూ వచనానికి పునాదిరాళ్లుగా నిలిచాయి. మెప్పు కోసం చెమటోడ్చినది మూలపడింది. మనసు కోసం వ్రాసుకున్నది నిలిచింది.

తెలుగునాట తుమ్మపూడి గ్రామంలో నివసించిన సంజీవదేవ్ (1914-1999) కూడా చిత్రాలు వేస్తూ, మిత్రులకు లేఖలు వ్రాస్తూ జీవితాన్ని పండించుకున్నారు. ఆ లేఖలు తరువాత గ్రంథరూపం దాల్చాయి.

"తన ఆనందం కోసం వ్రాసుకునేవాడు సమాజాన్ని మరచిన స్వార్థపరుడు కాడా?" అని కొందరు మిత్రులు వాదిస్తారు. గాలిబ్ ఉత్తరాలే వారికి సమాధానం. కూలిన వీధులు, వెడలగొట్టబడిన ప్రజలు, ఢిల్లీ పడిన యాతన వాటిలో కనిపిస్తాయి. ఎవరినీ మెప్పించవలసిన అవసరం లేనప్పుడే కలం నిజం చెప్పగలిగింది.

మా అనుభవం కూడా ఒకటి దాచక చెబుతాము. మాలో కొందరము ఒక కవితల పోటీకి వెళ్లే ముందు, న్యాయనిర్ణేతల అభిరుచి ఏమిటో విచారించి, మా కవితలలోని ఇంటి మాటలను తీసివేసి నినాదాలు చేర్చాము. చప్పట్లు మ్రోగినవి, బహుమతి వచ్చినది. నేడు ఆ కవితలను చదువుకోబోతే మా గొంతు మాకే వినిపించదు. అదే రోజులలో అమ్మ కుట్టుమిషను చప్పుడును గురించి నోటుపుస్తకం చివరి పేజీలో మాలో ఒకరు వ్రాసుకున్న పది పంక్తులు ఏ పోటీకీ వెళ్లలేదు. ఇప్పటికీ వాటిని చదివితే మా కళ్లు చెమరుస్తాయి.

కీర్తి రావచ్చు, రాకపోవచ్చు. అది మన చేతిలో లేదు. వ్రాసే వేళ కలిగే ఆనందం మాత్రం ఎవరూ ఇచ్చేది కాదు, ఎవరూ తీసుకొనిపోగలిగేది కాదు. ఈ సంచికలో చోటు దొరకని సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. తిరిగివచ్చిన ఆ కాగితాలను చింపివేయకండి. వచ్చే ఏడు మళ్లీ పంపితే సంతోషం. పంపకపోయినా సరే, వ్రాయడం మాత్రం మానకండి.