చెత్త నుండి ఇంధనం: ఎవరిని అడిగి?



ఛందస్సు గురించో, సమాసాల గురించో రాసుకోవలసిన తెలుగు పంతులు చెత్త గురించి రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. ముప్పై మూడేళ్లు బడిపిల్లలకు విభక్తులు చెప్పినవాణ్ణి. బాయిలరు బిగించడం నా విద్య కాదు. కానీ మాట ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ జారుతుందో చూడడమే జీవితమంతా చేసిన పని. చెత్తను ఇంధనంగా మార్చే పరిశ్రమల విషయంలో ఈ దేశంలో జరుగుతున్న మోసంలో సగం మాటల్లోనే ఉన్నది. ఆ సగాన్ని విప్పి చూపడం నా బోటివాడి బాధ్యత అనుకుంటున్నాను.

నా వాదం ముందే చెప్పేస్తాను. చెత్తను కాల్చి విద్యుత్తు తీసినా, గుళికలు చేసి సిమెంటు బట్టీలకు పంపినా, ప్లాస్టిక్కునూ పాత టైర్లనూ గాలి తగలకుండా కాచి నూనె పిండినా, ఆ పొగగొట్టం నీడన బతకవలసిన జనానికి తెలిసే భాషలో పూర్తి వివరం చెప్పాలి. వారి మాట వినాలి. విన్న మాటకు జవాబివ్వాలి. ఆ తరువాతనే అనుమతి. ఇప్పుడు జరుగుతున్నది ఈ క్రమం కాదు.

ఇక ఇంధనం అనే మాటతో మొదలుపెడదాం. సంస్కృతంలో ‘ఇంధ్’ ధాతువుకు మండుట, మండించుట అని అర్థం. సమిధ అన్న మాటకూ ఇదే మూలం. పచ్చికట్టె పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట రాదని కట్టెల పొయ్యి మీద వండిన ఏ తల్లినడిగినా చెబుతుంది. మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడి సరుకే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరటాకులు, వాడిన పూలదండలు. దానికి తోడు రోడ్లూడ్చిన మట్టి, కూలగొట్టిన గోడల పెళ్లలు. మండే అట్టపెట్టెల్నీ, గట్టి ప్లాస్టిక్కునీ చెత్త ఏరుకునేవాళ్లు ముందే తీసుకుపోతారు. మిగిలినదానిని వ్యుత్పత్తి ప్రకారం చూసినా, వంటింటి జ్ఞానం ప్రకారం చూసినా ఇంధనం అనడం సాహసం.

ఈ సాహసం కొత్తది కాదు. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్కు పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చే కర్మాగారం కట్టారు. మూడు వారాలు నడిచి ఆగిపోయింది. చెత్తలో వేడి చాలలేదు. అనుభవం అయింది కదా, బుద్ధి వచ్చిందా? 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే రెండు కట్టారు. ఒకటి విజయవాడలో 6 మెగావాట్లది. రెండవది హైదరాబాదు చెత్త కోసం షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్లది. చెత్తను ఆరబెట్టి, ముక్కలు చేసి, జల్లించి ఇంధనం చేస్తామన్నారు. అది చాలక వరి ఊక కలిపారు. ఊక కాలిస్తే వచ్చిన కరెంటును చెత్త కరెంటు అని పిలిచారు. ఇటువంటి కర్మాగారాలకు రాయితీలు ఇవ్వడాన్ని 2005లో సుప్రీంకోర్టు ఆపి, నిపుణుల సంఘంతో పరీక్ష చేయించమన్నది. పదేళ్లు నిండకముందే మన రెండు కర్మాగారాలూ మూతపడ్డాయి.

ఆ తరువాత జవాహర్‌నగర్‌లో 2020లో పెద్దది మొదలయింది. గుంటూరులోను, విశాఖపట్నంలోను 15 మెగావాట్ల చొప్పున వచ్చాయి. కొత్త కొలుములు పాతవాటికంటే మెరుగైనవే కావచ్చు. అయితే కొలిమి మారినంత వేగంగా చెత్త మారలేదు. తడినీ పొడినీ వేరుచేసే అలవాటు మన వీధుల్లో ఎంతవరకు కుదిరిందో, పొద్దున్న చెత్తబండి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇంజనీర్లు ఇంకొక మాట అంటారు: “మంటలో వేస్తే అంతా శుద్ధి అయిపోతుంది.” ఇది పురాణం. నిజంగానే పురాణం. ఆదిపర్వంలో భృగువు కోపించి అగ్నిని సర్వభక్షకుడవు కమ్మని శపిస్తాడు. అగ్ని అలిగి తన్ను తాను ఉపసంహరించుకుంటే బ్రహ్మ సమాధానపరచి, నీవు దహించినదంతా పవిత్రమవుతుందని వరమిస్తాడు. ఆ వరమిచ్చిన నాటికి పీవీసీ గొట్టాలు లేవు. క్లోరిను ఉన్న ప్లాస్టిక్కు సరిగా మండకపోతే, పొగ తగినట్లు చల్లారకపోతే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు పుడతాయి. వీటికి పెట్టిన హద్దు ఘనపు మీటరు వాయువులో 0.1 నానోగ్రాము. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. అంత చిన్న హద్దు పెట్టారంటే ఆ విషం ఎంతటిదో ఊహించుకోండి. ధూళినీ, గంధకపు వాయువునూ గొట్టానికి బిగించిన యంత్రాలు రాత్రింబవళ్లు కొలుస్తాయి. డయాక్సిన్లను అలా కొలవరు. అప్పుడప్పుడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. నమూనా తీసే రోజు ఏదో కర్మాగారానికి తెలిస్తే, ఆ రోజు ఏ చెత్త వేస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

కాచి నూనె తీసే పద్ధతికి మంట లేదు కదా అంటారు. పాత టైర్ల నుండి నూనె తీసే యూనిట్ల సంగతి 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది. 19 రాష్ట్రాల్లోని 637 యూనిట్లలో 270 నిబంధనలు పాటించడం లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కే చెప్పింది. నియమం ఉండడం వేరు, నియంత్రణ ఉండడం వేరు. నియమం కాగితం మీద ఉంటుంది. నియంత్రణ ఊళ్లో ఉండాలి.

ఊరి మాట వినడానికి చట్టంలో చోటు లేకపోలేదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. కలెక్టరుగాని, ఆయన తరఫున తగిన హోదా గల అధికారిగాని అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. చివర కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో సభకు చదివి వినిపించాలి. చదవడానికి ముచ్చటగా ఉంది కదా! ఇప్పుడు సందులు చూడండి. హాజరుకు కోరం అక్కరలేదు. పదిమంది వచ్చినా సభే. ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో ఇవ్వవలసినది సారాంశం మాత్రమే. వందల పుటల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటే చాలు. పైగా 2014 సవరణతో మునిసిపల్ చెత్తతో నడిచే 15 మెగావాట్ల లోపు థర్మల్ విద్యుత్ కేంద్రాలను ఆ పద్దులో మినహాయించారు. మెగావాట్లు కొలిచారు గాని, గొట్టం కింద ఎన్ని ఇళ్లున్నాయో కొలవలేదు.

మా ప్రాంతంలో కొన్నేళ్ల క్రితం ఇటువంటి ప్రతిపాదన ఒకటి వచ్చింది. ఊరి పేరు, సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. తెలుగు సారాంశం నా చేతికి వచ్చింది. చెత్త నుండి చేసిన ఇంధనం అని చెప్పవలసిన చోట ‘తిరస్కరణ ఉత్పన్న ఇంధనం’ అని ఉంది. పొగగొట్టం ఎత్తు అనవలసిన చోట ‘దొంతర ఎత్తు’ అని ఉంది. కర్మాగారం పోయి మొక్క అయింది. ‘ఈ మొక్క ప్రతిదినము చెత్తను దహించును’ అని అచ్చు వేశారు. ఒక రైతు నా దగ్గరకు వచ్చి, “పంతులుగారూ, చెత్త తినే మొక్క ఏదండీ? మా గట్టు మీద రెండు నాటుకుంటాం” అన్నాడు. నవ్వాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాగితం చదివి తన అభ్యంతరం చెప్పమని అతణ్ణి చట్టం అడుగుతున్నది.

సభ నాడు మరొకటి చూశాను. చెత్త ఏరుకుని బతికే ఒక మధ్యవయస్కురాలు లేచి, “ప్లాస్టిక్కూ అట్టలూ అన్నీ మీరే కాల్చేస్తే మేమేం ఏరుకోవాలయ్యా? మా పొట్ట మీద కొడతన్నారు” అన్నది. దానికంటే సూటియైన అభ్యంతరం ఆ సభలో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం సారాంశం చదివే వేళకు షామియానా విప్పుతున్నారు. ఆమె మాట అందులో ఇలా ఉన్నది: ‘స్థానికులకు ఉపాధి కల్పించవలసినదిగా కోరినారు.’ వద్దన్న మాట కావాలన్న మాటగా మారింది. క్రియను తారుమారు చేస్తే అర్థం ఎట్లా తలకిందులవుతుందో చెప్పడానికి ఇన్నేళ్లు బడిలో ఉదాహరణలు వెదుక్కున్నాను. ప్రభుత్వమే ఒకటి సరఫరా చేసింది.

ఇది ఒక మండలం ముచ్చట. ఢిల్లీలో నియమాలు రాసేటప్పుడు జరిగేదీ ఇదే. 2020లో మదింపు నోటిఫికేషన్‌నే మార్చేందుకు ముసాయిదా విడుదల చేశారు. ప్రకటన గడువు 30 రోజుల నుండి 20కి కుదించాలన్నది అందులోని ఒక అంశం. అది ఇంగ్లీషులో, హిందీలో వచ్చింది. అభిప్రాయాలు చెప్పమన్నది మాత్రం దేశాన్నంతటినీ. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. కేంద్రం అనువాదకులను వెదకలేదు, సుప్రీంకోర్టు గడప వెదుక్కున్నది. ఒక ముసాయిదాను తెలుగులో ఇమ్మంటే దేశపు అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లి వద్దనిపించుకోవలసినంత కష్టమా తెలుగు?

ఇంకొక రంగుల ముచ్చట. కాలుష్యాన్ని బట్టి పరిశ్రమలకు రంగులు కేటాయిస్తారు. ఎరుపు అన్నిటికంటె ప్రమాదకరం. ఎరుపులో ఉండిన చెత్త విద్యుత్ కర్మాగారాలను, ‘అత్యవసర పర్యావరణ సేవలు’ అనే పేరుతో 2025లో కొత్తగా పుట్టించిన నీలం వర్గంలో చేర్చారు. పరమేశ్వరుని కంఠం నీలమైంది ఆయన విషం తాను మింగినందుకు. ఇక్కడ మింగేవారు ఒకరు, నీలిరంగు పూసుకునేవారు మరొకరు.

“అయితే చెత్తనేం చేయమంటారు? గుట్టలుగా పోసి తగలబడనివ్వమంటారా?” అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. డంపింగ్ యార్డులో రగిలే మంట, హద్దుల్లేని మంట. అది కర్మాగారం కంటే మేలని నేను అనను. మార్పిడి పరిజ్ఞానాలన్నీ అబద్ధమని కూడా అనను. ఇండోరులో 2022లో ప్రారంభమైన కేంద్రం రోజుకు 550 టన్నుల తడి చెత్త నుండి వాయు ఇంధనం తీసేలా కట్టినది. అక్కడ చెత్తను ఇంటి గుమ్మంలోనే వేరుచేసి తీసుకుంటారు గనుక అది సాధ్యమైంది. అంత దూరం పోనక్కరలేదు. ఈ శతాబ్ది తొలి ఏళ్లలోనే మన సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటా తడి, పొడి వేరుగా సేకరించి, ఎరువు చేసి, పొడిది అమ్మి దేశానికి పాఠం చెప్పింది. రెండు చోట్లా పరిజ్ఞానం కంటే ముందు జనం ఉన్నారు. జనాన్ని ముందు కలుపుకుంటే చెత్త లొంగుతుంది. జనాన్ని దాటేసి కొలిమి కొంటే, కొలిమి ఆకలి తీర్చడానికి జీవితాంతం చెత్త సమకూర్చవలసి వస్తుంది. తగ్గించవలసినదాన్ని పెంచుకోవడం ఎవరి అర్థశాస్త్రం?

కాబట్టి నేను కోరేవి ఇవి:

1. ప్రతిపాదన పూర్తి నివేదిక తెలుగులో ఉండాలి. చదివి అర్థమైందని ఆ ఊరి బడిపంతులో, గ్రామసభో సంతకం చేసిన తరువాతనే 30 రోజుల లెక్క మొదలు కావాలి.

2. మెగావాట్లు ఎన్నైనా సరే, చెత్తను కాల్చే, కాచే ప్రతి యూనిట్‌కూ ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేయాలి. మధ్యలో పరిజ్ఞానం మారిస్తే మళ్లీ జరపాలి.

3. చెప్పిన ప్రతి అభ్యంతరం చెప్పినవారి మాటల్లోనే నమోదు కావాలి. ఒక్కొక్క దానికి జవాబు రాయాలి.

4. డయాక్సిన్ల నమూనా ముందు చెప్పకుండా తీయాలి. ఫలితం పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. బూడిద ఎక్కడికి పోతున్నదో దాని పక్కనే రాయాలి.

5. చెత్త ఏరుకునేవారి సంఘాలకు ఆ సభలో మొదటి మాట ఉండాలి. ఊళ్లో చెత్తను ఎరిగినవారు వారే.

ఖాండవ దహనానికి ముందు అగ్ని కృష్ణార్జునుల సాయం అడిగాడు. ఖాండవంలో ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లలో బతికి బయటపడినవి వేళ్ల మీద లెక్కపెట్టదగిన ప్రాణాలు. ఆ రోజుల్లో నోటిఫికేషన్ లేదు, సరే. ఈ రోజుల్లో ఉన్నది. ఉన్నదాన్ని ఉన్నట్లు పాటించమంటున్నాను.

చివరిగా మీతో ఒక పని. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి కొత్తవి వచ్చాయి. వాటిలో చెత్త ఇంధనానికి సంబంధించిన భాగాన్ని రైతుకు అర్థమయ్యే తెలుగులోకి తేవాలని పూనుకున్నాను. మీలో ఇంజనీర్లున్నారు, రసాయనశాస్త్రం చదివినవారున్నారు, న్యాయవాదులున్నారు. యంత్రాల పేర్లూ, కొలతలూ మీరు సరిచూడండి. వాక్యం సంగతి నేను చూసుకుంటాను. మొదటి భాగం వచ్చే ఆదివారం ఇక్కడ ఉంచుతాను. పొగగొట్టానికి దొంతర అని రాయనని మాత్రం ఇప్పుడే హామీ ఇస్తున్నాను.