గోల్కొండ దర్వాజా మన వైపే తెరుచుకుంటుంది

ఏప్రిల్ వచ్చిందంటే కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటల్లో నాలుగు డబ్బులున్న ప్రతి ఇంట్లో ఒకటే మాట. "ఈ ఎండలకి ఎటన్నా పోదాం." ఎటన్నా అంటే ఊటీ, కాకపోతే కొడైకెనాల్. మిర్చి డబ్బులు చేతికొచ్చిన రైతుకీ, పిల్లల పరీక్షలు గట్టెక్కిన ఉద్యోగికీ కావలసింది ఒకటే: చుట్టూ కొండలు, నడుమ చెరువు, పాత కట్టడాల మధ్య నాలుగు రోజులు నింపాదిగా తిరగడం. మా మెట్ట ఎండ తెలిసినవాడెవడూ ఆ కోరికను తప్పుపట్టడు. నేనూ పట్టను. నా కడుపుమంట వేరు.

మనం పడవెక్కి ఫొటోలు దిగే ఆ ఊటీ సరస్సు ప్రకృతి ఇచ్చింది కాదు. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ కట్టించినది. కొడైకెనాల్ సరస్సు 1863లో లెవింజ్ అనే మరో దొర చేయించినది. మనుషులు చేసుకున్నారు, కాపాడుకుంటున్నారు. జనం మరీ ఎక్కువయ్యేసరికి 2024 మేలో మద్రాసు హైకోర్టు ఆ రెండు చోట్లకూ ఈ-పాస్ పెట్టించింది. ఆ కొండలు ఎన్ని బండ్లను మోయగలవో శాస్త్రీయంగా తేల్చమంది. మన కొండ ఏం మోస్తోందో ఎవరన్నా అడిగారా?

మన కొండ అంటే కొండపల్లి. కంచికచర్లలో బండెక్కితే అరగంట దారి. రెడ్డిరాజుల కాలంలో, 14వ శతాబ్దంలో లేచిన కోట. గజపతుల చేతికి పోయింది. 1515 ప్రాంతంలో కృష్ణదేవరాయలు ముట్టడించి పట్టుకున్నాడు. తర్వాత గోల్కొండ సుల్తానులది, 1766లో ఇంగ్లీషు కంపెనీది అయింది. ఒకదాని వెనక ఒకటిగా మూడు దర్వాజాలు, పక్కన దర్గా, పైన తానీషా మహల్, గజశాల, చెరసాల. మహల్ దాటి నడిస్తే ఊటనీటి కోనేరు. దాని లోతు అంతుపట్టదనీ, అందులో మునిగితే చలిజ్వరం వస్తుందనీ పెద్దలు చెప్పుకునేవారు. ఎండాకాలం మిగతా గుంటలు ఎండిపోయినా దానికి ఊట ఉంది. కొండ రెండో కొసన ఉన్న ద్వారం పేరు గోల్కొండ దర్వాజా. ఆ దారి జగ్గయ్యపేట దిక్కుగా దిగుతుంది. అంటే మన వైపు. ఆ దర్వాజా పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పెద్దల్లో ఎందరికి తెలుసు?

కోటకు మరమ్మతులు చేశారు, లోపల మ్యూజియం పెట్టారు. కాదనను. కానీ గోడకు సున్నం వేసి కొండను వదిలేస్తే ఏం మిగులుతుంది? హైవే మీద పరిటాల, దొనబండ దగ్గర ఒక్కసారి తలెత్తి చూడండి. సగం కోసిన కొండలు, క్రషర్ల దుమ్ము, కంకర టిప్పర్లు. సర్కారు జిల్లాలన్నీ వదులుకున్న నిజాం వజ్రాల కోసం పరిటాలనూ చుట్టుపక్కల ఊళ్లనూ మాత్రం తన కింద ఉంచుకున్నాడు. ఆ నేలను మనం టన్నుల లెక్కన రోడ్డు మీద పరిచేస్తున్నాం. 2021లో కొండపల్లి రిజర్వు అడవిలోనే గ్రావెల్ తవ్వుతున్నారని గొడవ లేచింది. పార్టీలు అరుచుకున్నాయి, అరెస్టులయ్యాయి, టీవీలు నాలుగు రోజులు చూపించాయి. తర్వాత? ఆ గుంటలు ఎవరు పూడ్చారని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. రెండో పక్క ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి థర్మల్ కేంద్రం నడుస్తోంది. దాని బూడిద ఏ గాలికి ఎటు పోతుందో ఆ చుట్టుపక్కల ఇళ్లలో బట్టలారేసే ఆడవాళ్లకు తెలుసు.

ఈ అడవి పోతే పోయేది నీడ ఒక్కటే కాదు. కొండపల్లి బొమ్మకు ప్రాణం తెల్లపొణికి కర్ర. తేలికగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. ఆ కర్రను ఆరబెట్టి, కాచి, చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులేస్తారు. ఆ చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. దగ్గర్లో దొరకని కర్ర కోసం బొమ్మల కాలనీ వాళ్లు దూరాలు వెతుక్కుంటుంటే, మనం మాత్రం ఇంటికొచ్చిన అతిథికి అంబారీ ఏనుగు బొమ్మ బహుమతిగా ఇచ్చి మురిసిపోతాం. చెట్టు సంగతి ఎవరికీ పట్టదు.

అధికారుల మీద కోపం ఉంది. కాగితం మీద కొండను సర్వే నంబరుగా తప్ప చూడలేనివాళ్ల మీద కోపం ఉంది. అంతకంటే పెద్ద కోపం మన మీద. వందల కిలోమీటర్లు పోయి పరాయి చెరువు గట్టున కాగితం ముక్క పడేయడానికి జంకే మనం, మన కొండను పగలగొడుతుంటే కిటికీ అద్దం ఎత్తుకుని పోతున్నాం. దుమ్ము లోపలికి రాకూడదని!

అడగాల్సినవి పెద్దవేం కావు. ఆదివారాలు, సెలవు రోజుల్లో కంచికచర్ల నుంచి కోట పైదాకా ఒక బస్సు. పైన తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు. చరిత్ర చెప్పడానికి శిక్షణ ఇచ్చిన ఊరి కుర్రాళ్లు. కోనేటి ఊటకు ఆధారమైన అడవిలో పార దిగకూడదన్న ఖచ్చితమైన హద్దు. తెల్లపొణికి మొక్కలు నాటి, బతికినవెన్నో ఏటా బయటపెట్టాలి.

ఆ హద్దు కోసం గొంతెత్తడానికి చోటూ ఉంది. 2006 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద క్వారీ వచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరు గానీ, ఆయన తరఫు అధికారి గానీ కూర్చుంటారు. ఎవరు ఏం మాట్లాడినా రాసుకోవాలి, వీడియో తీయాలి. ఆ రోజు షామియానా కింద క్వారీ వాళ్లు తోలుకొచ్చిన మనుషులే కూర్చుని చప్పట్లు కొట్టి పోతే, "ప్రజలకు అభ్యంతరం లేదు" అని రాసుకుంటారు. ఆ ప్రజలు మనమే. ఈసారి నోటీసు పడితే నేను వెళ్తాను, మైకు అడుగుతాను. ఊటీ టిక్కెట్లు తీసుకున్న అన్నల్నీ అక్కల్నీ కూడా రమ్మంటున్నాను. ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకోండి.