అచ్చయిన పుస్తకం అటుకెక్కుడేనా?

రాసెటోళ్లకు ఉద్వేగం ఎక్కువ అని లోకం అనుకుంటది. ఒకనాడు సంబురంతోని ఎగురుతరు, ఇంకోనాడు మూల కూసుంటరు, వాళ్ల తీరే అంత అంటరు. గోదావరిఖని, రామగుండం, మంథని, మంచిర్యాల దిక్కు రాసెటోళ్లను దగ్గరగ చూసినోళ్లకు ఈ మాట సగమే నిజమని తెలుసు. ఇక్కడి రచయిత ఎగురుడుకూ కుంగుడుకూ మూలం ఆయన స్వభావంల లేదు. పుస్తకం ఎవరు అచ్చేస్తరు, ఎవరు మోస్తరు, ఎవరు కొంటరు అన్నకాడ ఉన్నది.

నైట్ షిఫ్ట్ దిగొచ్చి, పిల్లలు బడికి పోయినంక కథ రాసుకున్న కార్మికులు ఈ ఊర్లె ఎందరో. తిరుగు స్టాంపులు పెట్టి పోస్టు జేస్తే ఆర్నెల్లకు గాని జవాబు రాకపోయేది. రాకరాక ఒక ఆదివారం పేరు అచ్చయితే చౌరస్తాల నాలుగు పేపర్లు కొని, బాయి మీద దోస్తులకు చూపెట్టేది. ఆ సంబురం ముంగట ఒక ప్లేడే మస్టరు పోయినా లెక్కలేదు.

తీరా చదివితే కథ తనది కానట్టు కనపడేది. నా మొదటి కథకు ఇదే గతి పట్టింది. ఆ పత్రిక పేరు ఇప్పుడెందుకు? నేను 'బాయిల దిగిండు' అని రాస్తే 'బావిలోకి దిగాడు' అని అచ్చయింది. బాయి అంటే బొగ్గుగని అని ఖనిల చిన్న పిల్లగానికి గూడ తెలుసు. అచ్చయిన కథల మా కార్మికుడు నీళ్లబావిల దిగిండు. తప్పు దిద్దిన అనుకున్నాయన బతుకునే మార్చిండు. అచ్చయిందన్న సంతోషం, నా మాట పోయిందన్న దుఃఖం రెండూ ఒక్కదినమే వచ్చినయి.

ఇది ఒక్కరి ఏడుపు కాదు, పాత గాయమే. నిజాం రాజ్యంల తెలుగు కవులు పూజ్యమన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల 'గోలకొండ కవుల సంచిక'తోని జవాబు చెప్పిండు. 354 మంది కవులను ఒక్కకాడికి తెచ్చిండు. కవులు అంతకు ముందు లేక కాదు, వాళ్లను అచ్చుల చూపెట్టే చెయ్యి లేక ఆ మాట పడాల్సి వచ్చింది. రాసుడు ఒక పని, అచ్చు వేసుడు ఇంకో పని. రెండోది మన చేతుల లేనన్ని దినాలు మొదటిది లేనట్టే లెక్క.

ఆ సంగతి అందరికంటె బాగ తెలిసినాయన వట్టికోట ఆళ్వారుస్వామి. 1915ల నల్లగొండ జిల్లాల పుట్టిండు. వంటపని చేసి, హోటల్ల పనిచేసి చదువుకున్నడు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. పుస్తకాలు అచ్చేసి ఊరూరికి తానే మోసుకపోయి అమ్మిండు. జైళ్లకు పోయిండు. నిజామాబాద్ జైల్ల తోడున్న దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చిండు. 'ప్రజల మనిషి' రాసిన ఆ మనిషి 1961ల కన్నుమూసేనాటికి 'గంగు' నవల పూర్తికానే లేదు. పక్కోళ్ల పుస్తకాలను నెత్తికెత్తుకున్నాయనకు తన పుస్తకం ముగించే తీరిక దొరకలేదు. ఆయనకు వచ్చిన దుఃఖాలు తక్కువా? కాని తానొక్కడే రచయితనని అనుకోలేదు గనుక కుంగి కూసోలేదు.

మా బొగ్గుగనుల సాహిత్యానికి గూడ అట్లాంటి నీడ ఒకప్పుడు దొరికింది. 1981ల సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేసిండ్రు. ఆ కాలం కథల కాలం గూడ. మంథని దిక్కు గాజులపల్లిల పుట్టిన అల్లం రాజయ్య 'కొలిమి అంటుకున్నది' తర్వాత సింగరేణి కార్మికుల మీద 'అగ్నికణం' నవల రాసిండు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ గనికార్మికుని ఇంటిని, కూలిని, చావును కథల్లకు తెచ్చిండ్రు. పుస్తకం చేతులు మారి మారి అట్టలు ఊడేదాక చదివిండ్రు జనం. అయితే భయం గూడ ఉండె. ఇంట్ల పుస్తకం దొరికితే స్టేషనుకు పోవాల్సిన దినాలవి. మారుపేరుతోని రాసినాయన బస్సుల పక్కసీటోడు తన కథనే చదువుతుంటె చూసి నాదే అని చెప్పుకోలేకపోయేది. అంత సంతోషం, అంత నిశ్శబ్దం ఒక్క గుండెల ఎట్ల పట్టినయో!

ఇప్పుడు ఆ భయం తగ్గింది. పైసల బాధ మొదలైంది. లెక్క చూడుండ్రి. పీఎఫ్ లోన్ తీసి వెయ్యి కాపీలు కొట్టించిండు అనుకుందాం. కాపీకి 50 చొప్పున 50 వేలు. వెల 100. శాలువలు కప్పిన పెద్దలకు, దోస్తులకు, పత్రికలకు 200 ఉత్తగనే పోతయి. ఆవిష్కరణ సభల, తెలిసినోళ్లకు 300 అమ్మితే 30 వేలు. మిగిలిన 500 నూటికి నలభై కమీషన్ మీద దుకాణాలకు పోతయి. అండ్ల సగం అమ్ముడుపోతే వచ్చేది 15 వేలు, అదీ ఎప్పుడిస్తరో తెల్వదు. 5 వేలు మునుగుడు, 250 పుస్తకాలు అటుక మీద. ఇంటామె ఏమనకున్నా ఆ అటుక దిక్కు చూసినప్పుడల్ల ఆయనకు తల వంగుతది. గోల్డెన్ షేక్‌హ్యాండ్ పైసలు పుస్తకాలకు పెట్టినోళ్ల ఇండ్లల్ల ఏమైందో వేరే చెప్పాల్నా?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. భాషకు మర్యాద వచ్చింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017ల సాహిత్య అకాడమీ వచ్చింది. ఇవన్ని కొట్లాడి తెచ్చుకున్నవే, తక్కువ జేసి మాట్లాడద్దు. కాని ఖనిల రాసినాయన ఇంకా భాగ్యనగర్ రైలెక్కి కట్టలు మోసుకుంట హైదరాబాద్ పోవుడే. రామగుండంల పుట్టిన 2600 మెగావాట్ల కరెంటు దక్షిణాదంతా పోతున్నది గని, ఈడ పుట్టిన పుస్తకం పెద్దపల్లి దాటుడే కష్టమైతున్నది.

చదివెటోళ్లు లేరు, అందరు ఫోన్లు పట్టుకున్నరు అంటరు. కొంత నిజమే. 1990ల మొదట్ల లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇయ్యాల నలభై వేల దరిదాపులకు వచ్చిండ్రు. పాత పాఠకుడు రిటైరై ఊరు విడిచిండు. కాని కాంట్రాక్టు కార్మికుడు వచ్చిండు, ఓపెన్‌కాస్టుల ఇల్లు పోయిన రైతు ఉన్నడు. వాళ్ల కథ రాస్తే వాళ్లు చదువరా? వాళ్ల దాక పుస్తకం పోతె గద తెలిసేది!

చెయ్యాల్సినవి కొత్తవి కావు. మనం కట్టే ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉన్నది. ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకు సక్కగ చేరాలె, అండ్ల ఒక వాటా జిల్లా రచయితల పుస్తకాలు కొనాలె. సర్కారు కొంటే రచయితలు భజనపరులైతరు అనెటోళ్ల అనుమానం సరైందే. అందుకే ఎంపిక లీడర్ల చిట్టీల మీద కాదు, పాఠకులు, టీచర్లు, లైబ్రేరియన్ల కమిటీ మీద నడవాలె. ఏం కొన్నరో గోడకు అంటించాలె. సింగరేణి తన బడులకు, కాలనీ క్లబ్బులకు సింగరేణి సాహిత్యాన్ని కొనాలె. యూనియన్లు గేట్ మీటింగు కాడ జెండాతోపాటు ఒక పుస్తకాల బల్ల గూడ పెట్టాలె. శాతవాహన విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎక్కడెక్కడి పుస్తకాలో పట్టుకొని తిరిగే బదులు ఈ అటుకల మీది పుస్తకాలు దించి చదవాలె.

ఇగ మనం. రచయిత ఎదురైతే 'అన్నా, నాకో కాపీ ఇయ్యవా' అని అడుగుడు బంద్ జేద్దాం. చాయ్‌కి, సిగరెట్‌కు పెట్టెటోళ్లం పుస్తకానికి వంద పెట్టలేమా? శాలువ కప్పితే ఆయన ఒక్కదినం సంబురపడుతడు. పుస్తకం కొని, చదివి, బాగలేకుంటె బాగలేదని మొకమ్మీదనే చెప్తే ఇంకో పుస్తకం రాస్తడు.