కట్టుబాటు మనదే, మరి కాగితం ఎవరిది?

పోస్టు పొడుగైంది. పూర్తిగా చదివి, ఆ తర్వాత తిట్టండి.

మొన్న మన గ్రూపులో ఒకన్న రాసినాడు: "మన ఆడోళ్ల విడాకులు మన పెద్దలు చూసుకుంటారు. కోర్టుకెక్కి కులం పరువు తీయొద్దు." కింద చప్పట్లు కొట్టినోళ్లంతా మగపిల్లోళ్లే. మేము తిరుపతి హాస్టల్లో ఉండే యానాది, ఎరుకల, సుగాలి ఆడపిల్లలం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. ఆ పరువు ఎట్లుంటాదో దగ్గర్నుంచి చూసినాం, అందుకే రాస్తాండాం.

మాలో ఒకరి అక్క సంగతి చెప్తాం. శ్రీకాళహస్తి పక్క పల్లె. మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. చెట్టు కింద పంచాయితీ పెట్టినారు. అక్కను నోరు తెరవనీలేదు, ఆమె బదులు నాయన మాట్లాడినాడు. ఓలి ఎంత, తప్పు ఎంత అని గంటసేపు బేరం నడిచింది. వంద రూపాయల బాండు పేపరు మీద "ఇకమీదట భరణం అడగను, ఏ సంబంధమూ లేదు" అని రాయించి వేలిముద్ర వేయించినారు. రాసింది చదివి వినిపించిన పాపాన ఎవరూ పోలేదు. ఇద్దరు బిడ్డలూ అక్క దగ్గరే. రేషన్ కార్డులో పేరు వేరు చేయమని పోతే "కోర్టు కాగితం ఏదమ్మా?" అన్నారు. బిడ్డల ఫీజు అడిగితే మొగుడు "బాండు ఉంది గదా" అన్నాడు. ఒక వకీలు దగ్గరికి పోతే "మీరు ఎస్టీలు, మీకు హిందూ వివాహ చట్టం వర్తించదు" అని పంపించేసినాడు.

వకీలు చెప్పింది సగం నిజం. 1955 హిందూ వివాహ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. మన పెండ్లీ, మన విడాకులూ మన ఆచారం ప్రకారమే. ఉత్తరాఖండ్ తెచ్చిన ఉమ్మడి పౌరస్మృతి కూడా ఎస్టీలను మినహాయించింది. ఈ హక్కు వదులుకోమని మేము అనడం లేదు. కానీ దాన్ని మనం ఎట్ల వాడుకుంటున్నాం అనేదే మా ప్రశ్న.

ఆచారం ఉందని నోటితో అంటే కోర్టు నమ్మదు, రుజువు చూపించాలి. 2001లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. భార్య ఒరావ్, భర్త సంతాల్. ఆయన రెండో పెండ్లి చేసుకున్నాడు, శిక్షించండి అని ఆమె అడిగింది. హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు, రెండో పెండ్లి చెల్లదనే ఆచారం మీ తెగలో ఉందని నువ్వు చూపించలేదు అని కోర్టు ఆమె ఫిర్యాదును కొట్టేసింది. మన కట్టుబాటును రాసిపెట్టుకోకపోతే ఓడిపోయేది ఎవరో చూడండి.

2021లో ఢిల్లీ హైకోర్టు ఇంకో మాట చెప్పింది. మీనా తెగ దంపతులు హిందూ ఆచారాల ప్రకారమే పెండ్లి చేసుకున్నామని ఒప్పుకున్నప్పుడు, ఎస్టీలు అనే కారణంతో ఆ చట్టం కింద విడాకుల కేసును తోసిపుచ్చకూడదు అనింది. మనలో ఎంతమంది తిరుమల కల్యాణవేదికలో తాళి కట్టించుకుంటాండారు? కట్టేటప్పుడు అందరి మాదిరే, వదిలేసేటప్పుడు మాత్రం "మేము గిరిజనులం, మాకు చట్టం లేదు". మగోడికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఆడదానికి రెండూ మూసేస్తారు.

కొన్ని చట్టాలకు తెగతో పని లేదు. భరణం అడిగే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 (పాత 125) అందరిదీ. విడాకులు అయినా, మళ్లీ పెండ్లి చేసుకోని ఆడమనిషి అడగొచ్చు. తాను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలి. తల్లి వేలిముద్రతో బిడ్డల భరణం కొట్టుకుపోదు. 2005 గృహహింస చట్టం మనకూ ఉంది. ఆచారం ప్రకారం విడిపోయినామని తేల్చే డిక్రీ ఇచ్చే అధికారం 1984 చట్టం ప్రకారం ఫ్యామిలీ కోర్టుకు ఉంది. అక్కను అడిగిన కాగితం అదే. వకీలు ఫీజు భయం వద్దు: ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదంటే చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి.

"కోర్టంటే ఏండ్లు పడతాది, పెద్దలు ఒక్క పూటలో తేలుస్తారు" అంటారు. నిజమే, మేమూ ఒప్పుకుంటాం. అందుకే పంచాయితీని ఎత్తేయమనడం లేదు. ఆమెను కూర్చోబెట్టి ఆమె నోటితోనే చెప్పించండి. బిడ్డలు ఎవరి దగ్గర, నెలకు ఎంత, ఇంటి పట్టా ఎవరికి అనేది రాయండి. చదివి వినిపించినాకే వేలిముద్ర. సాక్షుల పేర్లు, తేదీ పెట్టండి, ఒక కాపీ ఆమె చేతికియ్యండి. "ఏమీ అడగను" అనే ముక్క మాత్రం ఎవరూ రాయొద్దు. అట్లా రాసిన కాగితాలు పది ఉంటే రేపు కోర్టులో మన ఆచారానికి అవే సాక్ష్యం.

ఇంక పరువు మాట. మన అవ్వలు మొగుడు మంచోడు కాకపోతే వదిలేసి మారుమనువు చేసుకున్నారు, ఎవరూ వేలెత్తి చూపలేదు. అదే మన కట్టుబాటు. ఆడది బయటికొస్తే పరువు పోతాది అనేది మనం పైకులాల దగ్గర అరువు తెచ్చుకున్నది. దాన్ని ఆచారమని మాకు నేర్పొద్దన్నా.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పెద్దోళ్లను ఒక్క మాట అడగండి: మన ఊర్లో కిందటిసారి విడాకులైన అక్క చేతిలో ఏ కాగితం ఉంది? వాళ్లు ఏం చెప్పినారో ఇక్కడే రాయండి.