పాత పాట – కొత్త మీట

డిసెంబరు మాసము వచ్చినదనగా పాశ్చాత్య దేశములలో పాత క్రిస్మసు పాటలన్నియు మేల్కొనును. అంగళ్లలో, రైలు స్టేషనులలో, రేడియోలో అవే పాటలు. ఇటీవలి కాలమున వీనికి మరియొక వేదిక ఏర్పడినది. అది ఇంటిలోని చిన్న గది. ఒక కంప్యూటరు, ఒక సింథసైజరు, చెవులకు హెడ్‌ఫోనులు, ఇంతే సరంజామా. పగటి ఉద్యోగము ముగించుకొని వచ్చిన గృహస్థుడు రాత్రివేళ కూర్చుండి, తాతలనాటి పాటకు మరమనిషి గొంతును తగిలించి, గంటల మ్రోతకు మారుగా విద్యుత్స్వరముల కిలకిలలను చేర్చి, పండుగనాటికి మిత్రులకు పంపుచున్నాడు. ఇది భక్తికి అపచారమని కొందరు, సంగీతమునకు అవమానమని కొందరు నొచ్చుకొనుచున్నారు.

ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చుటకు ముందు, ఆ పాటల పుట్టుక ఎట్టిదో విచారింపవలెను. 'సైలెంట్ నైట్' పాటను జోసెఫ్ మోర్ అను యువ పురోహితుడు 1816లో రచించెను. దానికి ఫ్రాన్జ్ గ్రూబర్ స్వరము కూర్చగా, 1818 డిసెంబరు 24వ తేదీ రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో ఇరువురును పాడిరి. తోడు వాయించినది గిటారు. గంభీరమైన పైపు ఆర్గను ముందు ఆనాడది సామాన్య వాద్యమే. ఇక 'జింగిల్ బెల్స్'లో క్రిస్మసు అను మాటయే లేదు. 1857లో జేమ్స్ పియర్‌పాంట్ ప్రచురించిన ఆ పాట మంచుమీద గుఱ్ఱపుబండి షికారును గూర్చినది. నేడు మనము సనాతనమని మ్రొక్కునది నిన్నటి నూతనమే.

ఇంటిలో కూర్చుండి విద్యుద్వాద్యముతో మహాసంగీతమును తాకుటయు నేటి వింత కాదు. 1968లో వెలువడిన 'స్విచ్డ్-ఆన్ బాక్' రికార్డును వెండీ కార్లోస్ న్యూయార్కులోని తన ఇంటి స్టూడియోలోనే సిద్ధము చేసెను. ఆనాటి మూగ్ సింథసైజరు ఒక్కసారికి ఒక్క స్వరమునే పలుకును. ఒక్కొక్క వరుసను విడివిడిగా టేపుపై ఎక్కించి, పొరమీద పొరగా పేర్చవలసి వచ్చెను. వినుటకు ఆటవలె తోచిన ఆ పని వెనుక తపస్సు కలదు. మరుసటి ఏడే, 1969లో, సై మాన్ అదే యంత్రముపై క్రిస్మసు పాటల రికార్డును వెలువరించెను. సుఫ్యాన్ స్టీవెన్స్ అను అమెరికను గాయకుడు 2001 నుండి బంధుమిత్రులకు కానుకలుగా క్రిస్మసు పాటలను రికార్డు చేసి, అట్టివి ఐదు సంపుటములను 2006లో లోకమునకు అందించెను.

అయినను నొచ్చుకొనువారి బాధను తేలికగా కొట్టివేయరాదు. 1942లో లోకమునకెక్కిన 'వైట్ క్రిస్మస్' గీతకర్త ఇర్వింగ్ బెర్లిన్, 1957లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన తీరు రుచింపక, దానిని ప్రసారము చేయవలదని రేడియో స్టేషనులను కోరించెను. కన్నబిడ్డకు పరాయివాడు వేషము వేసినచో తండ్రి మనసు చివుక్కుమనుట సహజము. కాని నిషేధము శాశ్వతముగా నిలిచిన చోటేది? మన దేశములోనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించి, 1971లో ఆ బహిష్కారమును సడలించెను. తెలుగు క్రైస్తవులు పాశ్చాత్య స్తోత్రములతోపాటు, పురుషోత్తమ చౌధరి వంటివారు 19వ శతాబ్దిలో రచించిన కీర్తనలను మన రాగములలో పాడుకొనుచున్నారు. రాగము మారినంతమాత్రమున భక్తి మాసిపోలేదు.

కావున వాద్యమునుబట్టి కాక, వాయించువాని వైఖరినిబట్టి తీర్పు చెప్పవలెను. హాస్యము వేరు, అపహాస్యము వేరు. పాట నెరిగి, ప్రేమించి, దానితో ఆడుకొనువాడు ఇంటి పెద్దతో సరసమాడు మనుమని వంటివాడు. ఎరుగక వెక్కిరించువాడు వీధిలోని ఆకతాయి. పాత పాటలు అందరి సొత్తు కావచ్చును గాని, క్రొత్తవానికి హక్కుదారులు కలరు. బహిరంగముగా వెలువరించుటకు ముందు వారి అనుమతి పొందుట మర్యాదయే కాదు, ధర్మము కూడ.

నేడు మరియొక చిక్కు వచ్చిపడినది. ఒక్క వాక్యము టైపు చేసినచో, పాటను తానే కట్టి, తానే పాడి వినిపించు యంత్రములు వచ్చినవి. చెమట పట్టకయే కానుక సిద్ధమగుచున్నది. మన భయమంతయు ఇక్కడనే. చిన్న గదిలో తాళము తప్పి, మరల మొదలిడి, పదిసార్లు విని దిద్దుకొను మనిషి ఆ పాటను పదిమార్లు స్మరించుచున్నాడు. ఆ స్మరణయే పాటకు ఆయువు. అది లేనిచో మిగులునది ధ్వని మాత్రమే. ఈ పండుగకు ఎవరైన వంకరటింకరగానైనను స్వయముగా కూర్చిన పాటను పంపినచో, నవ్వుకొనుచు వినుడు. కాని తుదివరకు వినుడు.