వెలివేసిన నెత్తురు

మనుష్యులందఱి నెత్తురును ఎఱ్ఱనిదే యన్న మాట కులగర్వమును ఖండించుటకు మన పెద్దలు తఱచుగా చెప్పినది, నేనును ఈ శీర్షికలో పలుమాఱులు వ్రాసినది. అది సత్యము, దానిని వెనుకకు తీసికొనుట లేదు. అయితే నెత్తురు ఎఱ్ఱనిదే యైనను ఒకరిది మఱొకరికి అన్నివేళల ఒదుగదను సంగతి, అమెరికాలోని సికిల్ సెల్ రోగుల విషయమున, ప్రాణములతో ముడివడియున్నది.

గ్రెనడా ద్వీపమునుండి దంతవైద్యము చదువుటకై చికాగో నగరమునకు వచ్చిన యొక నల్లజాతి విద్యార్థి నెత్తుటిచుక్కను 1904లో సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినప్పుడు, గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణములు కొన్ని సన్నగిలి, వంగి, మన వరికోతల కొడవలివలె కానవచ్చినవి. 1910లో డాక్టరు జేమ్స్ హెరిక్ ఆ వృత్తాంతమును ప్రకటించెను. 120 దినములు బ్రతుకవలసిన కణము 10, 20 దినములకే నశించుటయు, వంపుదిరిగిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుపడుటయు ఈ సికిల్ సెల్ వ్యాధి స్వభావము. ఏడాదియైనను నిండని పసిబిడ్డ చేతివ్రేళ్లు వాచి, తల్లి ముట్టుకొనబోయినంతనే కెవ్వున ఏడ్చుట దీనికి తొలిగుర్తు కావచ్చును. పక్షవాతము వచ్చు ప్రమాదమున్న బిడ్డలకు నెలనెలా, ఏండ్లతరబడి, పరుల రక్తము ఎక్కించుచుండవలయును.

చిక్కు ఇక్కడనే యున్నది. ఏ, బి, ఓ వర్గములును, ఆర్‌హెచ్ పాజిటివ్, నెగెటివ్‌లును మనమెఱిగినవి. కాని ఎఱ్ఱకణముపై ఇట్టి గుర్తులు 300కు పైగా గలవు. శ్వేతజాతి దాతల రక్తమున తఱచుగా నుండు సి, ఇ వంటి గుర్తులు నల్లజాతి రోగులలో పెక్కుమందికి లేవు. పరాయిగుర్తు గల రక్తమును శరీరము ఒకసారి సహించినను, లోలోపల దానిపై ప్రతిరక్షకములను సిద్ధపఱచుకొని, మఱల అట్టి రక్తము వచ్చినప్పుడు దానిని ధ్వంసము చేయును. ఒక్కొక్కప్పుడు రోగి ప్రాణమే పోవును. నల్లజాతి దాతలలో ముగ్గురి కొకరి రక్తము ఈ రోగులకు సరిపడునని అమెరికన్ రెడ్ క్రాస్ చెప్పుచున్నది. ఇది జాతుల హెచ్చుతగ్గులకు గుర్తు కాదు. డఫీ యను గుర్తు ఆఫ్రికా సంతతివారిలో పెక్కుమందికి లేకుండుట, వారి పూర్వులు ఒకవిధమైన మలేరియాను తట్టుకొనినందున కలిగిన ఫలము.

నల్లజాతి దాతలు చాలినంతమంది ఏల రారని అడుగువారు చరిత్రను ఒక్కసారి తిరుగవేయవలయును. 1941లో యుద్ధసైనికులకై రక్తము సేకరించినప్పుడు అదే రెడ్ క్రాస్ నల్లవారి రక్తమును మొదట తీసికొననే లేదు. మఱుసటి యేడు తీసికొనుటకు సమ్మతించియు, దానిపై జాతిపేరు వ్రాసి వేఱుగా నుంచెను. ఆ వ్రాత 1950 వఱకును పోలేదు. ఆ సేకరణకు తొలిదారి వేసిన చార్లెస్ డ్రూ స్వయముగా నల్లజాతి వైద్యుడు! మఱియొకప్రక్క, అలబామాలోని టస్కెగీలో 1932 మొదలు 1972 వఱకు, సిఫిలిస్ సోకిన నల్లవారికి మందు ఉండియు ఇయ్యక, రోగము ముదురుచుండగా ప్రభుత్వవైద్యులే చూచుచుండిరి. తాతలను ఇట్లు చూచిన వైద్యమునకు చేయి చాపుటకు మనుమలు జంకినచో వారిని నిందించుట అన్యాయము. వారి వాడలకు, చర్చీలకు పోయి, పాతతప్పును ఒప్పుకొని అర్థించుట రక్తనిధుల విధి.

అమెరికాలోని మన తెలుగువారి రక్తము ఆ బిడ్డలలో పెక్కుమందికి సరిపడకపోవచ్చును. కాని బి వర్గము మనలో అధికము, అచ్చటి శ్వేతజాతివారిలో స్వల్పము గనుక, దానికై వెదకువారికి అక్కఱకు వచ్చును. ఇచ్చట పాడేరు, అరకు మన్యమునందును, ఆదిలాబాదు అడవిపల్లెలలోను ఈ వ్యాధి గల గిరిజన బిడ్డలున్నారు. 2047 నాటికి దీనిని నిర్మూలింప కేంద్రప్రభుత్వము 2023 జూలైలో సంకల్పము చెప్పుకొన్నది. ఆ ప్రయత్నము సాగుచుండగా, రక్తము మాత్రము నేడే కావలయును. చదువరులారా, మీ ఊరి రక్తనిధికి ఒకసారి పోయి రండు. మన దేశమున ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు మాసముల కొకసారి, స్త్రీ నాలుగు మాసముల కొకసారి రక్తము నీయవచ్చును.